నడక మారినా మాట నిలవాలి: ఔత్సాహిక వేదిక మీద స్వింగ్ ‘మికాడో’

స్వింగ్ అనే అమెరికన్ జాజ్ బాణీలో ఆపరెట్టా, అంటే తేలికపాటి సంగీత నాటకం, వేద్దామని నాటక సమాజం అనుకోగానే మొదట దుస్తుల మాట వస్తుంది, తర్వాత డాన్సు మాట. డ్రమ్స్ ఎవరు వాయిస్తారన్న ప్రశ్న ఆఖరి నెలలో గుర్తొస్తుంది. ‘హాట్ మికాడో’ లాంటి నాటకానికి ఈ వరుస తలకిందులు. దీని ప్రాణం హాస్యం. ఆ హాస్యం మాటలో ఉంది. మాట ప్రేక్షకుడి చెవిన పడుతుందా, లేదా అన్నది లయ తేలుస్తుంది. బ్రిటన్‌లో ఊరూరా ఉన్న ఆపరాటిక్ సొసైటీలకు, అంటే ఔత్సాహిక సంగీత నాటక సమాజాలకు, గిల్బర్ట్ మాటలు రాసి సలివన్ సంగీతం కట్టిన నాటకాలు ఇంటి తిండి లాంటివి. ఆ సంఘాలన్నిటికీ గొడుగు లాంటి జాతీయ సంస్థ నోడా 1899లోనే పుట్టింది. చిక్కంతా ఆ అలవాటులోనే ఉంది: సలివన్‌ను సలివన్‌లా పాడటానికి అలవాటు పడ్డ గొంతులే అదే పాటను ఇంకో నడకలో పాడాలి. కొత్త పాట నేర్వడం తేలిక. తెలిసిన పాట నడక మార్చడం కష్టం.

మూల నాటకం ‘ది మికాడో’ 1885 మార్చి 14న లండన్ సవాయ్ థియేటర్‌లో మొదలై 672 ప్రదర్శనలు ఆడింది. కథ టిటిపు అనే ఊహా పట్టణంలో జరుగుతుంది. సరసమాడితే తల తీయించే చట్టం ఒకటి అక్కడ అమల్లో ఉంది. ఆ చట్టం కింద తల పోవాల్సిన కోకో అనే దర్జీనే ఊరివాళ్లు తలారిని చేస్తారు. ముందు తన తల తీసుకుంటేగాని ఇంకొకరి తల తీయలేడు కాబట్టి ఎవరి తలకూ ముప్పు లేదని వాళ్ల లెక్క. మికాడో, అంటే జపాన్ చక్రవర్తి, కొడుకు నాంకి-పూ వేషం మార్చుకుని ఊరి బ్యాండులో చేరి, కోకో పెంపకంలో ఉన్న యమ్-యమ్‌ను ప్రేమిస్తాడు. జపాన్ పేరుకే. వెటకారమంతా ఇంగ్లండు అధికార యంత్రాంగం మీద. ఒకే మనిషి ఖజానా మంత్రి, ప్రధాన న్యాయమూర్తి, ఆర్చిబిషప్పు అన్నీ తానే అయి, ఏ హోదాలో సలహా అడిగితే ఆ హోదాలో మాట మార్చే పూ-బా అనే పాత్ర పేరు ఇంగ్లీషులో మామూలు మాటగా స్థిరపడింది.

ఈ నాటకానికి స్వింగ్ నడక పట్టింది 1938లో. ఆర్థిక మాంద్యంలో పని లేని కళాకారుల కోసం అమెరికా ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు ఆ ఏడాది సెప్టెంబరులో షికాగోలో నల్లజాతి నటులతో ‘ది స్వింగ్ మికాడో’ వేసింది. దర్శకుడు హ్యారీ మింటర్న్, స్వింగ్ అమరికలు జెంట్రీ వార్డెన్‌వి. కథను దక్షిణ సముద్రంలో ఒక దీవికి మార్చారు. సలివన్ సంగీతాన్ని చాలావరకు ఉన్నదున్నట్టు ఉంచి, కొన్ని పాటలనే స్వింగ్ చేశారు. నేటి సమాజాలు ముందుగా చూడాల్సింది ఆ లెక్కనే. అది 1939 మార్చి 1న న్యూయార్క్ చేరింది. మూడు వారాలు తిరిగేసరికి, మార్చి 23న, మైక్ టాడ్ అనే నిర్మాత బ్రాడ్‌హర్స్ట్ థియేటర్‌లో పోటీగా ‘ది హాట్ మికాడో’ దింపాడు. అందులో మికాడో, అరవై దాటిన టాప్ నర్తకుడు (బూటు రేకులతో నేల మీద లయ మోగించేవాడు) బిల్ రాబిన్సన్. అది 85 ఆటలాడి, తర్వాత న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లింది. ఇప్పుడు సమాజాలు లైసెన్సు తీసుకుని వేస్తున్నది వీటిలో ఏదీ కాదు. అది డేవిడ్ హెచ్. బెల్ మాటలు సవరించి, రాబ్ బౌమన్ సంగీతం అమర్చి, 1986లో వాషింగ్టన్ ఫోర్డ్స్ థియేటర్‌లో తెచ్చిన ‘హాట్ మికాడో’.

ఇక్కడ రెండు దారులున్నాయి. సలివన్ 1900లో, గిల్బర్ట్ 1911లో పోయారు. 1961 చివరితో బ్రిటన్‌లో ఆ నాటకాల కాపీరైటు తీరింది. కాబట్టి మూల నాటకం మీద సొంత స్వింగ్ అమరిక చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1986 రూపం సంగతి వేరు. దానికి లైసెన్సు కావాలి, స్వరపత్రాలు అద్దెకు తేవాలి, ఒక్క మాట మార్చాలన్నా రాతపూర్వకంగా అడగాలి. ఈ రెండింటినీ కలిపి, కొంత అది, కొంత సొంతం అని అతుకు వేస్తే అది లైసెన్సు ఉల్లంఘనే. సొంత అమరికలు రాయగల మనిషి సమాజంలోనే ఉంటే తప్ప లైసెన్సు దారే మేలు. ఒక పాటకు ఎనిమిది మంది బ్యాండు కోసం అమరిక రాయడం నాలుగు సాయంత్రాల పని. ఇరవైకి పైగా పాటలకు లెక్క వేసుకోండి.

త…ట, త…ట

స్వింగ్ అంటే ఏమిటో కోరస్‌కు చెప్పడానికి సంగీత దర్శకులు నానా తంటాలూ పడతారు. మృదంగం విన్న చెవికి ఇది ఒక్క నిమిషం పని. సలివన్ రాసిన రెండు సమాన స్వరాలు ‘తక తక’ లాంటివి. స్వింగ్‌లో అదే దెబ్బను తిస్రంలో ‘తకిట’ అని మూడు ముక్కలు చేసి, నడిమి ‘కి’ పలకకుండా ‘త…ట, త…ట’ అనాలి. మొదటి స్వరానికి రెండు ముక్కలు, రెండో దానికి ఒకటి. అయితే ఈ రెండుకు ఒకటి లెక్క మధ్యమ కాలానికే సరిపోతుంది. విలంబంలో పొడుగు స్వరం ఇంకా సాగుతుంది. వేగం పెరిగేకొద్దీ రెండూ దగ్గరై, మరీ వేగం పాటల్లో దాదాపు సమానమైపోతాయి. కోరస్ చేసే తప్పు ఇక్కడే ఉంటుంది. నెమ్మది పాటలో నేర్చిన ఊపునే వేగం పాటలోకి తెచ్చి ప్రతి జంటనూ కుంటుతున్నట్టు పాడతారు. విన్నవాళ్లకు అది స్వింగ్‌లా ఉండదు, గుర్రపు గిట్టల చప్పుడులా ఉంటుంది.

మాట చెడేది ఎక్కడో ఇప్పుడు చూడాలి. సలివన్ పద్ధతి ఏమిటంటే, స్వరం కన్నా ముందు మాటలకు లయ కట్టేవాడు. ఒక చరణానికి నాలుగైదు లయలు రాసి చూసుకుని, ఒకటి ఎంచుకున్నాక దానికి స్వరం కట్టేవాడు. అందుకే ఆ పాటల్లో ఇంగ్లీషు మాటల ఊనిక దెబ్బ మీద సరిగ్గా కూర్చుంటుంది. మనకు గురులఘువులు ఎంతో ఇంగ్లీషుకు ఊనిక అంత. స్వింగ్ అమరిక ఆ కుదురును కదుపుతుంది. ‘మికాడో’ అన్న ఒక్క మాట తీసుకోండి. ఊనిక ‘కా’ మీద ఉంది. ‘మి’ ముందటి పొట్టి ముక్కలో వచ్చి ‘కా’ దెబ్బ మీద పడితే మాట మాటగా వినిపిస్తుంది. ‘మి’ దెబ్బ మీదికి జరిగి ‘కా’ ఆ పొట్టి ముక్కలో ఇరుక్కుంటే హాలు వెనక వరసకు ‘మీక్డో’ అని చేరుతుంది. నాటకమంతా ఇలాంటి చోట్లు వందల్లో ఉంటాయి. మన పద్య నాటకంలో రాగం కోసం చెవి కాచుకున్న ప్రేక్షకుడు మాట కాస్త కలిసిపోయినా ఓర్చుకుంటాడు, ఎందుకంటే పద్యం అతనికి ముందే కంఠస్థం. ఇక్కడ మాట పోతే జోకు పోయినట్టే, దాన్ని మళ్లీ తెచ్చే దారి లేదు.

విరుగుడు పాడకుండా పలకడం. వారానికి రెండు సాయంత్రాలు, ఒక్కోటి రెండున్నర గంటలు, పద్నాలుగు వారాలు అనుకుంటే 28 రిహార్సల్స్, 70 గంటలు. అందులో మొదటి రెండు సాయంత్రాలు స్వరం జోలికి పోకూడదు. మాటలను లయలో పలకడమే, అదీ నడుస్తూ. ఒకటి, మూడు దెబ్బలకు అడుగు. రెండు, నాలుగు దెబ్బలకు చిటిక. చాలామంది చేతులు వాటంతటవే ఒకటి, మూడుకు కలుస్తాయి. స్వింగ్ ప్రాణం రెండు, నాలుగులో ఉంది. టిక్కు టిక్కుమని లయ చూపే మెట్రోనోమ్‌కు ఒక చిన్న కిటుకు ఉంది. పాట వేగం 160 అయితే దాన్ని 80కి పెట్టి, వినబడే ప్రతి టిక్కునూ రెండో దెబ్బ, నాలుగో దెబ్బ అనుకుని పాడటం. మొదట పది నిమిషాలు అందరూ తడబడతారు. అరగంట గడిచేసరికి కోరస్ పరుగెత్తడం ఆగుతుంది, ఎందుకంటే ఒకటో దెబ్బను నిలబెట్టే బాధ్యత యంత్రం నుంచి వాళ్ల ఒంట్లోకి వస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. డబుల్ బేస్ వాయించే వ్యక్తిని, డ్రమ్మర్‌ను ఆరో వారం నుంచే వారానికి ఒక సాయంత్రం పిలవాలి. చాలా సమాజాల్లో బ్యాండు చివరి ఆదివారం గాని గాయకులను కలవదు. మామూలు ఆపరెట్టాలో కండక్టర్ చేతిని చూసి నెట్టుకు రావచ్చు. స్వింగ్‌లో గాయకుడు చేతిని చూసి పాడితే ఆలస్యమవుతాడు. డ్రమ్మర్ కాలితో మోగించే తాళాల జత, హై-హ్యాట్, విని పాడాలి. పన్నెండు వారాలు పియానోకు అలవాటు పడ్డ కోరస్, డ్రమ్స్ మోగగానే బెదిరి వేగం పెంచుతుంది. ఆ వేగం చివరి వారంలో తగ్గదు.

పియానో, బేస్, డ్రమ్స్, గిటారు, ఇద్దరు ముగ్గురు శాక్సఫోన్-క్లారినెట్ వాళ్లు, ఒక ట్రంపెట్, ఒక ట్రాంబోన్. రెండు మూడు వందల సీట్ల హాలుకు ఇంతకు మించిన బ్యాండు అక్కర్లేదు. మించితే గొంతులు మునుగుతాయి. డ్రమ్మర్ దగ్గర కర్రలతో పాటు బ్రష్‌లు ఉండి తీరాలి. బ్యాండు వేదిక మీద, నటుల వెనకే ఉంటే మంచిది. ఎందుకో అంకెల్లో చూడండి. నిమిషానికి 200 దెబ్బల వేగంలో ఒక దెబ్బ 300 మిల్లీసెకన్లు. తిస్రంలో దాని పొట్టి ముక్క 100. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, డ్రమ్స్‌కు పది మీటర్ల దూరంలో నిలబడ్డ గాయకుడికి దెబ్బ 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అంటే పొట్టి ముక్కలో మూడో వంతుకు దగ్గర. బ్యాండును హాలు పక్క మూలకు నెట్టిన ప్రదర్శనల్లో కోరస్ ఎప్పుడూ ఈడ్చుకొస్తున్నట్టు ఉండటానికి బద్ధకం కారణం కాదు, ఈ దూరమే. తప్పనిసరై మూలకే పోతే, వేదిక రెండు పక్కలా చిన్న మానిటర్ స్పీకర్లు పెట్టి వాటిలో బేస్, హై-హ్యాట్ మాత్రమే పంపాలి. ట్రంపెట్ పంపితే గాయకులు దానితో పోటీకి దిగుతారు.

యమ్-యమ్, ఆమె తోటి ఇద్దరు అమ్మాయిలు పాడే ముగ్గురు బడిపిల్లల త్రయానికి విడిగా సమయం కేటాయించాలి. మూలంలో అది లేత, గుండ్రటి స్వరాలతో సాగుతుంది. స్వింగ్ రూపంలో 1940ల రేడియో సోదరీ త్రయాల తీరున మూడు గొంతులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఒకే స్థాయిలో కదలాలి. ఆపరెట్టా గొంతుకు పుట్టుకతో ఉండే కంపనం ఇక్కడ పనికిరాదు. అంత దగ్గరి స్వరాలు ఒక్కోటీ ఊగితే శ్రుతి కలవదు. స్వరాన్ని నిటారుగా పట్టి, చివరి దెబ్బలో మాత్రమే కాస్త ఊపు ఇవ్వాలి. ముగ్గురినీ ఒకే మైకు చుట్టూ, భుజాలు తగిలేంత దగ్గరగా నిలబెట్టి నేర్పితే ఒకరి గొంతును ఇంకొకరు వింటారు. పాట ఎత్తుకోవడం కన్నా ఆపడం ముఖ్యం. ‘నాలుగో దెబ్బ మీద ఆపు’ అని పెన్సిలుతో రాసుకోకపోతే మూడు ‘స్’లు మూడు చోట్ల బుస కొడతాయి.

అడుగు, చెక్క, రేకు

డాన్సు దగ్గర ఆశను వేదిక కొలతలతో సరిపెట్టుకోవాలి. స్వింగ్ జంట నృత్యమైన లిండీ హాప్‌లో జంట విడివడి కలిసే ప్రధాన కదలికకు సుమారు మూడు మీటర్ల పొడవు జాగా కావాలి. ఎనిమిది మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల లోతున్న వేదిక మీద నాలుగు జంటలకు మించి దాన్ని చేస్తే మోచేతులు తగులుతాయి. మిగతా ఇరవై మంది ఉన్నచోటే అడుగు వేసి, రెండు నాలుగుకు చిటిక వేస్తే చాలు. ఆ నిశ్చలం మధ్య నాలుగు జంటల ఊపు ఇంకా బాగా కనబడుతుంది. మనిషిని ఎత్తి తిప్పే విన్యాసాలు అనుభవం లేని వాళ్లకు వద్దు. డాన్సు చేస్తున్న వాళ్ల చేత కష్టమైన బృందగానం పాడించొద్దు కూడా. ఊపిరి మాటను మింగేస్తుంది. ఆరుగురు గట్టి గొంతులను తెర పక్కన మైకు దగ్గర ఉంచి ఆ భాగాన్ని మోయించడం మోసమేమీ కాదు, పెద్ద వేదికల మీదా జరిగేదే.

మికాడో రెండో అంకంలో గాని వేదిక ఎక్కడు. ఔత్సాహిక సమాజానికి ఇది వరం. పద్నాలుగు వారాలూ రాలేని మంచి టాప్ నర్తకుడు దొరికితే సగం రిహార్సల్స్‌తో ఆ పాత్రను నిలబెట్టగలడు. కానీ నేల సిద్ధంగా ఉండాలి. కాంక్రీటు మీద నేరుగా టాప్ చేయిస్తే పిక్కలు, మోకాళ్లు పాడవుతాయి. చెక్క వేదికే అయినా, నునుపు రంగు పూసి ఉంటే బూటు రేకు జారుతుంది. మెరుపు లేని రంగు వాడాలి. ప్లైవుడ్ పలకలు పరిస్తే అతుకు నర్తకుడి ప్రధాన స్థానంలో పడకుండా చూసుకోవాలి. బూటు రేకుల మరలు ప్రతి ఆటకూ వదులవుతాయి. తెర లేవడానికి ముందు స్క్రూడ్రైవర్‌తో చూసే పని ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి. టాప్ వినబడటానికి వేదిక అంచున నేలకు ఆనించే చదును మైకులు రెండు పెట్టి, అడుగున స్పాంజి ముక్క వేస్తే సరి. ఆ పాట అయ్యాక వాటిని మూసేయడం మరిచిపోతే, అంకం చివరి దాకా ప్రతి బూటు చప్పుడూ హాలంతా వినిపిస్తుంది.

గొంతు మైకుల విషయంలో బ్రిటన్‌లో పాటించాల్సిన లెక్క ఒకటుంది. లైసెన్సు లేకుండా వాడగల 863–865 మెగాహెర్ట్జ్ పట్టీలో మూడు నాలుగు మైకులకు మించి ఒకదాన్నొకటి చెరపకుండా పనిచేయవు. అంతకు మించి కావాలంటే 606.5–613.5 పట్టీకి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. అక్కడా పాత రకం మైకులు పదీ పన్నెండుకు మించి ఇమడవు. కాబట్టి ప్రధాన పాత్రలు తొమ్మిదికీ తలో మైకు, త్రయానికి ఒక స్టాండు మైకు, కోరస్‌కు పైనుంచి వేలాడే రెండు మైకులు. అందరికీ తగిలించాలన్న పట్టుదల హాలంతా ఈల వేయించడానికే పనికొస్తుంది.

దుస్తులకు తిప్పలు పడక్కర్లేదు. పాత బట్టల దుకాణంలో రెండు సైజులు పెద్ద సూటు కొని, ప్యాంటు చీలమండ దగ్గర ఎలాస్టిక్‌తో బిగించి, నడుం పైకెత్తి, భుజాల్లో దూది పెట్టి, గొలుసు వేలాడదీస్తే ఆ కాలపు వదులు సూటు, జూట్ సూటు, తయారు. ఆడవాళ్లకు మోకాలి కిందికి, తిరిగితే విచ్చుకునే లంగా.

జపాన్‌ను ఏం చేయాలన్నదే అసలు చర్చ. ఇది నేడు పుట్టిన అభ్యంతరం కాదు. 1907లో జపాన్ రాకుమారుడు ఫుషిమి లండన్ వస్తున్నాడని ఈ నాటకం మీద ప్రభుత్వం ఆరు వారాలు నిషేధం పెట్టింది. 2015లో న్యూయార్క్‌లోని గిల్బర్ట్-సలివన్ ప్లేయర్స్ బృందం, తెల్లవారి ముఖాలకు జపాన్ వేషం కట్టడం మీద విమర్శలు రాగానే ప్రదర్శన మానుకుంది; మరుసటి ఏడాది కొత్త రూపంతో వచ్చింది. స్వింగ్ రూపానికి ఈ చిక్కులోంచి బయటపడే దారి సహజంగానే ఉంది. కథను 1940ల నైట్‌క్లబ్‌లో పెట్టేస్తే కిమోనోలు, విసనకర్రలు, సాగదీసిన కళ్ల మేకప్ ఏవీ అక్కర్లేదు. ఆ దారి తెరిచి ఉన్నా జూట్ సూటు మీద కిమోనో చేతులు కుట్టే సమాజాలు, జడలో పుల్లలు గుచ్చే సమాజాలు ఉన్నాయి. అది అలంకారం కూడా కాదు, అజాగ్రత్త. ఇంకో అప్పు కూడా గుర్తుంచుకోవాలి. ఈ నడకను ఈ నాటకానికి ఇచ్చింది షికాగో, న్యూయార్క్ నల్లజాతి కళాకారులు. వాళ్ల యాసను అనుకరించి నవ్వించబోవడం వాళ్లకు చేసే అన్యాయం. కార్యక్రమ పత్రంలో 1938, 1939 ప్రదర్శనల గురించి ఒక పేజీ ఇవ్వడం కనీస మర్యాద.

కోకో ‘జాబితా’ పాట, పోతే ఎవరికీ బాధ లేని మనుషుల పట్టిక. దాని మాటలను కాలానికి తగ్గట్టు మార్చడం పాత ఆనవాయితీ. మూలంలో నల్లజాతి వారిని కించపరిచే ఒక మాటను 1948లో ఈ నాటకాలను మొదటి నుంచీ ఆడుతున్న డాయ్‌లీ కార్ట్ కంపెనీయే తొలగించింది. స్థానిక చమత్కారాలు చేర్చాలంటే లైసెన్సు ఒప్పుకుంటుందో ముందే కనుక్కోవాలి. రాసేటప్పుడు ఎగతాళి చేసే మనిషి పేరు పంక్తి చివరి ప్రాస దగ్గర పడాలి. మధ్యలో పడితే నవ్వు తర్వాతి పంక్తిని మింగేస్తుంది. కొత్త మాటలను ప్రదర్శనకు పది రోజుల ముందే ఖాయం చేయాలి. ఆ వేగంలో చివరి రోజు మార్చిన పంక్తి నోరు తిరగదు.

కటీషా దగ్గర మాత్రం నాటకం కాసేపు ఆగాలి. నాంకి-పూను పెళ్లాడాలనుకునే ఈ నడివయసు స్త్రీని గిల్బర్ట్ నవ్వులపాలు చేశాడు. సలివన్ సంగీతం ఆమెను కాపాడింది. స్వింగ్ రూపం ఆమెకు బ్లూస్ ఇచ్చి మరింత కాపాడుతుంది. ఆ పాటలో గొంతు మంద్రంలో నిలబడాలి. డ్రమ్మర్ బ్రష్‌లకు మారాలి. కోరస్‌లో ఒక్కరూ కనుబొమ ఎగరేయకూడదు. వెనక ఒకరు వెకిలి మొహం పెడితే హాలు నవ్వుతుంది, పాట చచ్చిపోతుంది. దర్శకులు కోరస్‌ను ఆ పాటకు పూర్తిగా వేదిక దింపేయడమే మంచిది. ఆ ఖాళీలో ఆమె దుఃఖం నిజమవుతుంది, తర్వాత కోకో ఆమెను బుజ్జగించే హాస్యానికి అప్పుడే బరువు వస్తుంది.

సొంత అమరిక చేసుకునే వాళ్లకు ఒక చిన్న కానుక మూలంలోనే ఉంది. 1885 పాఠంలో నాంకి-పూ వేసిన మారువేషం ‘రెండో ట్రాంబోన్’. బ్యాండు వేదిక మీదే, టిటిపు పట్టణ బ్యాండుగా కూర్చుంటే, ట్రాంబోన్ వాయించే వ్యక్తి పక్కన తెర లేచినప్పటి నుంచీ ఒక ఖాళీ కుర్చీ, ఒక స్వరపత్రాల స్టాండు ఉంచవచ్చు. ఎవరూ దాని గురించి మాట్లాడనక్కర్లేదు. చివరి పాటలో నాంకి-పూ వచ్చి అందులో కూర్చుంటే చాలు. నటుడికి ట్రాంబోన్ రాకపోతే వాయిస్తున్నట్టు నటించనీయకండి, జారుగొట్టం తప్పు చోట ఆగితే మొదటి వరస పసిగట్టేస్తుంది. వాద్యాన్ని ఒళ్లో పెట్టుకుని, రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ కాలితో తాళం వేస్తే సరిపోతుంది.